హాజరు ఇద్దరు

విజిల్ వదిన మూడోసారి ఊదింది.

మొదటి విజిల్‌కి క్వారీలో డ్రిల్లు మిషన్లు ఆగాలి. రెండో విజిల్‌కి టిప్పర్లు వెనక్కి తిరగాలి. మూడో విజిల్ బడి కోసం. రాళ్ళు ఎగిరి పడేంత దగ్గర్లో, సరిగ్గా కొండ పాదంలో ఉంది బడి. మూడో విజిల్ చెవిన పడగానే పిల్లలు పుస్తకాలు ఎక్కడివక్కడ వదిలేసి, వరసగా, నోరెత్తకుండా, రాయి తీసి వదిలేసిన పాత కోత కిందికి పరిగెత్తాలి. అక్కడ కొండ అంచు ముందుకొచ్చి చూరులా నిలబడి ఉంటుంది. పేలుడయ్యాక రెండొందల దాకా లెక్కపెట్టుకుని తిరిగి రావాలి. ఇదంతా పంతులు నేర్పిన పద్ధతి. ఇరవై ఏళ్ళుగా ఆ బడిలో ఒక్క పిల్ల నెత్తురు చిందలేదు.

రోజూ పేలుడు మధ్యాహ్నం ఒంటిగంటకి. ఆ రోజు మాత్రం మేనేజరు పదిన్నరకే కొట్టమన్నాడు.

"ఇవాళ ఇంత పొద్దున్నేంటి సార్?" అని అడిగింది వదిన. క్వారీలో విజిల్, జెండా పని ఆమెది.

"నీ పని ఊదడం. అడగడం కాదు."

వదిన ఊదింది. ఎత్తు బండ మీద నిలబడి ఎర్ర జెండా ఊపుతూ కిందికి చూసింది. చీమల బారులా అరవై రెండు మంది పిల్లలు బడిలోంచి బయటపడ్డారు. అందులో తన కూతురు ఎక్కడుందో రెండు జడల్ని బట్టి పోల్చుకుంది. చివరగా పంతులు. బళ్ళో ఇద్దరే మిగిలారు. ఒకడికి కాలికి కట్టు, ఇంకో పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఇద్దర్నీ గోడ వారగా బల్ల కింద పడుకోబెట్టి వెళ్ళాడు.

అంతలో క్రషర్ వైపు నుంచి కంపెనీ జీపు దూసుకొచ్చింది. వదిన జెండా అడ్డంగా ఊపింది. జీపు ఆగలేదు, తిన్నగా బడి ముందుకెళ్ళి నిలబడింది. మేనేజరు దిగాడు. వెనకే చేతిలో అట్టతో ఒక ఆఫీసరు.

వదిన బండ అంచుకొచ్చింది. "ఒరేయ్, పేలుతుందిరా!" అని అరిచింది.

పేలింది. టపాకాయ పేలినట్టు ఓ చిన్న చప్పుడు. ఆ రోజు పేలుడు మందు కూరింది నాలుగు గుంతలకే. బడి దాకా గులకరాయి కూడా రాదని మేనేజరుకి తెలుసు. పిల్లలకి తెలియదు. వాళ్ళు కోత కింద చెవులు మూసుకుని, పెదాలు కదుపుతూ, రెండొందల దాకా లెక్కపెడుతున్నారు.

వాళ్ళు నూట యాభై దగ్గరుండగా ఆఫీసరు బళ్ళోకి వెళ్ళి వచ్చి అట్ట మీద ఏదో రాసుకున్నాడు. రెండొందలయ్యేసరికి జీపెక్కాడు. అప్పటికి పంతులు ఒగరుస్తూ పరిగెత్తుకొచ్చి తలుపు పట్టుకున్నాడు.

"అయ్యా, అరవై నలుగురు పిల్లలండీ! ఇదుగో, కళ్ళెదురుగా నిలబడ్డారు. లెక్కపెట్టండి!"

"నేను లోపలికెళ్ళినప్పుడు ఇద్దరున్నారు. తనిఖీ అయిపోయింది."

"విజిల్ పడితే పరిగెత్తక ఏం చేస్తారండీ?"

"విజిల్ సంగతి నా ఫారంలో లేదయ్యా."

"శ్రద్ధ ఉన్న పిల్లలైతే బడి వదిలి పారిపోతారా పంతులూ!" అని నవ్వి, మేనేజరు తలుపు లాగేశాడు.

పంతులు వేళ్ళు తలుపు సందులోనే ఉండిపోయాయి. ఎముకలు నలిగిన చప్పుడు ముందు వరస పిల్లలకి వినబడింది. అయినా జీపు కదిలింది. పంతులు నాలుగడుగులు దాని పక్కన పరిగెత్తాడు. తర్వాత పడిపోయాడు. జీపు అతన్ని కంకర మీద పది గజాలు ఈడ్చి, ఎత్తు దగ్గర కుదిపి వదిలేసింది. అరవై రెండు మంది పిల్లలు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ ఏడవలేదు. నోరెత్తకూడదని నేర్పింది ఆయనే కదా.

వదిన బండ మీదే ఉంది. మందు కూరే మేస్త్రి చెయ్యెత్తి 'క్లియర్' అనేదాకా జెండా మనిషి కదలకూడదు. పదేళ్ళ అలవాటు. అతని చెయ్యి లేచేసరికి జీపు క్రషర్ గేటు దాటిపోయింది.

*

వారానికి బడి తలుపు మీద కాగితం పడింది. ఇరవై మందికి తక్కువున్న బళ్ళని దగ్గర్లోని పెద్ద బడిలో కలిపేస్తారట. అది కొత్త విధానమట. ఆ విధానానికి 'నాణ్యమైన విద్య' అని పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. తాళం పడింది, సీలు పడింది. పెద్ద బడి నాలుగు కిలోమీటర్ల దూరం. పొద్దు పొడిచింది మొదలు టిప్పర్లు తిరిగే రోడ్డు మీదే నడవాలి.

"బడి మీద వాడికెందుకు మామా అంత పగ?" అని వదిన మందు మామని అడిగింది. క్వారీలో ముప్పై ఏళ్ళుగా పేలుడు మందు కూరే మేస్త్రి అతను. పేరులోనే మందుంది కానీ చుక్క ముట్టడు.

"బడి మీద కాదే, కొండ మీద," అన్నాడు మామ. "బడి ఉన్నంతకాలం ఇటు పక్క కొండ ముట్టకూడదని కాంట్రాక్టరు పర్మిట్‌లో రాసుంది. ఇటు పక్కంతా నీలం రాయి. బంగారం అనుకో. ఆ పొద్దు నాలుగు గుంతలకే ఎందుకు కూరమన్నాడా అనుకున్నా. నా చేత్తోనే కూరాను చూడు."

వదిన మెడలోని విజిల్‌ని వేళ్ళతో తిప్పింది. ఊదింది తను. అన్నం సయించడం మానేసి వారమైంది.

పంతుల్ని ఎక్కడికో బదిలీ చేశారు. ఆయన వెళ్ళలేదు. సెలవు పెట్టి, కట్టు కట్టిన చేత్తోనే రోజూ పిల్లల్ని వరసగా రోడ్డు అంచున నడిపించుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఎనిమిది రోజులు నడిపించాడు. తొమ్మిదో రోజు మలుపు దగ్గర టిప్పరొకటి రోడ్డు దిగి వరస చివర మీదికి వచ్చింది.

మందు మామ మనవరాలు. ఎనిమిదేళ్ళు. సంచీ ఇటు పడింది, పిల్ల అటు పడింది. సంచీ మాత్రమే పిల్ల సంచీలా ఉంది.

వదిన క్వారీ నుంచి పరిగెత్తుకొచ్చేసరికి జనం డ్రైవర్ని కిందికి లాగేశారు. వాడెవడో జనం సందులోంచి చూసింది. సొంత తమ్ముడు.

"చంపండ్రా నాకొడుకుని!"

"చేతులు విరగ్గొట్టండి, స్టీరింగు పట్టకుండా!"

మొదటి రాయి వదినే విసిరింది. తమ్ముడి కనుబొమ పగిలింది. రెండోది ఎవరు వేశారో, మూడోది ఎవరు వేశారో తెలియదు. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. మోకాళ్ళ మీద కూలబడి పిల్ల వైపే చూస్తున్నాడు.

పంతులు వాడి మీద అడ్డంగా పడ్డాడు. ఒక రాయి ఆయన వీపున తగిలింది.

"ఎన్నో ట్రిప్పురా ఇది?" అని వాణ్ణి అడిగాడు, అందరికీ వినబడేట్టు.

"పద్దెనిమిది."

"ఎప్పుడెక్కావు బండి?"

"నిన్న పొద్దున. దిగుతానంటే తాళాలు ఇంకొకడికిస్తామన్నారు. కళ్ళు మూతపడ్డాయి పంతులూ... ఒక్క రెప్పపాటే..."

పంతులు లేచి నిలబడ్డాడు. "వీణ్ణి చంపండి. రేపు ఆ సీట్లో ఇంకొకడు కూర్చుని నిద్రపోతాడు. వాణ్ణీ చంపుదాం. పిల్లల్ని ఈ రోడ్డెక్కించినవాడు మాత్రం ఏసీ గదిలో హాయిగా ఉంటాడు. బాగుందా?"

ఎవరి చేతిలో రాయి వాళ్ళ చేతిలో ఆగింది. మందు మామ మనవరాలిని తువ్వాల్లో చుట్టి ఎత్తుకుని జనం మధ్యకి వచ్చాడు.

"రాళ్ళు కింద పడెయ్యండి. నా మనవరాలు. నేను చెబుతున్నా."

*

పిల్లని సాగనంపి ఎవరూ ఇళ్ళకి పోలేదు. మామ సమ్మెట తెచ్చి ఒక్క దెబ్బకి బడి తాళం బద్దలుకొట్టాడు. సాయంత్రం ఆరింటికి, క్వారీ కూలీలుండే రేకుల వాడ వాడంతా బళ్ళో ఉంది. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక పెద్దవాళ్ళు వంకరగా కూర్చున్నారు.

"క్రషర్ లేపేద్దాం!" కుర్రాడొకడు లేచాడు. "మందు నీ చేతిలోనే ఉందిగా మామా! ఇంకా ఆలోచనేంటి?"

"ముప్పై ఏళ్ళు కూరానురా," అన్నాడు మామ. "మందుకి చదువు రాదు. ఎవణ్ణి పేల్చాలో దానికి రాసిచ్చినా చదవలేదు. క్రషర్ కింద పనిచేసేది మనవాళ్ళేరా సన్నాసీ."

"అయితే చేతులు ముడుచుకు కూర్చుందామా?"

"మనతో ఏమవుద్దయ్యా? వాడికి పోలీసులున్నారు, ఆఫీసర్లున్నారు. మనకేముంది, దుమ్ము తప్ప?"

అప్పుడు వదిన లేచింది. కొండంతా వినబడేట్టు ఊదే మనిషికి నాలుగు గోడల మధ్య మాట రాలేదు.

"బడి ఖాళీ చేసింది నేనే," అంది చివరికి. "పదిన్నరకి ఎందుకని అడిగా. కసిరితే నోరు మూసుకుని ఊదా. వాడు పిల్లల్ని బయటికి పంపమంటే మనం పంపుతామా? అందుకే నా చేత పంపించాడు."

ఎవరో ఆడమనిషి ఉమ్మేసింది. "నీ నోట్లో మన్ను పడ!"

"నా నోట్లోనూ పొయ్యవే ఆ మన్ను," అంటూ జల్లెడ అవ్వ లేచింది. క్రషర్ కింద కంకర జల్లెడ పట్టే ముసలిది, వాడలో ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు. "పదిన్నరకి మిషను ఆగితే నేనేం చేశా? హమ్మయ్యా అని కొంగు పరుచుకు కూర్చున్నా. ఇవాళ ముందే ఎందుకాగిందని నువ్వడిగావా? మామ కూరాడు, ఇది ఊదింది, మనం కూర్చున్నాం. మన వేలితో మన కన్నే పొడిపించాడు వాడు. ఇప్పుడు ఆ వేలు కోసుకుంటామా, వాడి వైపు తిప్పుతామా? అది చెప్పండి ముందు!"

గదిలో ఒక్కసారిగా పది గొంతులు లేచాయి. ఆ గోలలోనే కాలేజీ పిల్ల తలుపు దగ్గర నుంచి వచ్చింది. ఆ వాడ నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. తలుపు మీద అంటించిన ఉత్తర్వుని నీళ్ళతో తడిపి, చిరక్కుండా ఊడదీసి తెచ్చింది.

"దీనికి వెనకవైపు కూడా ఉంది పంతులుగారూ. చీమ తలకాయలంత అక్షరాలు. జిగురు పూసి తలుపుకి అంటించింది ఆ వైపే!"

"చదువమ్మా. గట్టిగా చదువు."

"'లెక్క మీద అభ్యంతరమున్న తల్లిదండ్రులు ముప్పై రోజుల్లోగా కోరితే మళ్ళీ తనిఖీ చేయవలెను. తనిఖీ నాటికి బడి నడుస్తూ ఉండవలెను.'"

పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తొమ్మిది రోజులైపోయాయి. ఇంకా ఇరవై ఒక్క రోజులు. అర్జీ ఇద్దాం. వాళ్ళొచ్చి లెక్కపెట్టేదాకా బడి నడుపుదాం. తలకాయలు తెగిపడినా సరే, ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆగిందా, బడి పోయినట్టే."

"మరి పేలుళ్ళు?" అని ఎవరో అడిగారు. "పేలిస్తే పిల్లలు పరిగెత్తాల్సిందేగా?"

అందరూ వదిన వైపు చూశారు. ఆమె మెడలోంచి విజిల్ తాడు తీసి పంతులు బల్ల మీద పెట్టింది.

"విజిల్ లేకుండా పేల్చడానికి చట్టం ఒప్పుకోదు. నేను ఊదను."

"నేను కూరను," అన్నాడు మామ.

"నేను జల్లించను," అంది అవ్వ. "నడుం వాల్చి నలభై ఏళ్ళయింది. ఆ ముచ్చటా తీరుతుంది."

*

క్వారీ ఆగిపోయింది. బడి నడిచింది. అర్జీ పెట్టిన పదిహేనో రోజున తనిఖీ అని జవాబొచ్చింది.

మూడో రోజు వాడకి నీళ్ళ పైపు కోసేశారు. ఐదో రోజు రెండు వ్యాన్లలో ఇనుప రాడ్లతో మనుషులు దిగారు. బడికి పోయే దారికి అడ్డంగా వదిన తమ్ముడు తన టిప్పర్ నిలబెట్టి తాళాలు పొదల్లోకి విసిరేశాడు. కనుబొమ మీద అక్క వేసిన రాయి గాయం ఇంకా మానలేదు. వాళ్ళు వాణ్ణి దించి, బండి చక్రానికి కాళ్ళు ఆనించి, మోకాళ్ళు రెండూ చితక్కొట్టారు. వాడు అరిచిన అరుపుకి వాడంతా కదిలొచ్చింది. ఆడవాళ్ళు కంకర పారలతో వచ్చారు. రాడ్లవాళ్ళలో ఇద్దరు చెవులు పోగొట్టుకుని పారిపోయారు.

అక్క ఒళ్ళో తల పెట్టుకుని వాడన్నాడు, "లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారక్కా. ఆగలేదు. విన్నావా?"

"విన్నారా."

ఎనిమిదో రోజు క్రషర్ గేటు దగ్గర లాఠీలు లేచాయి. జల్లెడ అవ్వ నెత్తి పగిలింది. రక్తం కళ్ళలోకి కారుతుంటే కూడా ఆమె నోరు ఆగలేదు. "తలకాయ రెండు చెక్కలు చేశావు నాయనా! రేపు ఆఫీసరొస్తే నన్ను ఇద్దరి కింద రాసుకోమను!" లాఠీ ఎత్తిన కానిస్టేబులుకే నవ్వాగలేదు. ఆ నవ్వుకి ఇన్‌స్పెక్టర్ వాణ్ణి అందరి ముందూ చెంప మీద కొట్టాడు.

పదమూడో రోజు కాంట్రాక్టరు స్వయంగా వచ్చాడు. వదిన నీళ్ళ బిందెతో చెరువు గట్టు ఎక్కుతుంటే కారు పక్కన ఆగింది. అద్దం సగం దిగింది.

"నీ కూతుర్ని టౌన్లో హాస్టలున్న బళ్ళో వేయిస్తా. పదో తరగతి దాకా ఖర్చు నాది. ఎల్లుండి తనిఖీ వేళకి బండ మీదికెక్కి మూడుసార్లు ఊదు, చాలు."

వదిన బిందె దించలేదు. కూతురు కళ్ళ ముందు మెదిలింది, ఇస్త్రీ గౌనులో, కొత్త సంచీతో. అబద్ధమెందుకు, మెదిలింది. ఒక్క క్షణం నోట్లో నీళ్ళూరాయి.

"మిగతా అరవై రెండు మందీ?"

"వాళ్ళందరికీ నువ్వే తల్లివా?"

"కాదు బాబూ. వాళ్ళని పరిగెత్తించినదాన్ని."

అద్దం పైకి లేస్తూ లేస్తూ ఆగింది. "నువ్వు ఊదకపోతే పేలదనుకుంటున్నావా?" అన్నాడు కాంట్రాక్టరు. కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.

*

పదిహేనో రోజు పదింటికి అదే ఆఫీసరు, అదే అట్టతో వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. బడి చుట్టూ వాడంతా చేతులు కలిపి వలయంగా నిలబడింది. లోపల అరవై మూడు మంది. జ్వరమొచ్చినవాళ్ళని కూడా దుప్పట్లలో చుట్టి తెచ్చారు.

"ఒకటి... రెండు... మూడు..." ఆఫీసరు పెన్సిలు మొనతో లెక్కపెడుతున్నాడు.

కిటికీ దగ్గర నిలబడ్డ వదిన ఆ అంకెల్ని తనూ లోలోపల చదువుతోంది. ముప్పై. ముప్పై ఒకటి. ఇరవై దాటింది, గండం గట్టెక్కింది అనుకుంది. నలభై. నలభై ఒకటి.

అప్పుడు ఇటు పక్క కొండ లేచింది.

విజిల్ లేదు, జెండా లేదు. ముందు కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాత చప్పుడు. తర్వాత ఆకాశంలో నల్లగా రాళ్ళు. "బయటి మేస్త్రిని తెచ్చాడు! ఇటు పక్క పేల్చాడు!" మామ అరుపు రాళ్ళ చప్పుడులో సగంలోనే మునిగిపోయింది. వలయం చెల్లాచెదురైంది. రాయి తగిలి ఒక మనిషి నిలబడ్డచోటే కూలాడు. పెంకులు, దూలాలు విరిగి బడిలోకి దిగాయి.

వదిన కిటికీలోంచే లోపలికి దూకింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. చేతులతో తడిమింది. బెంచీల కింద పిల్లలు. చీరుకుపోయిన చేతులు, పగిలిన పెదాలు. ఊపిరి ఉంది. అందరికీ ఊపిరి ఉంది. రెండు జడలు దొరికాయి. కూతుర్ని గుండెకి అదుముకుని ఇంకా ముందుకి తడిమింది.

ముందు వరస మీద పంతులు చేతులు చాచి బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద గుండిగంత నీలం రాయి. ఆయన కింద నుంచి నలుగురు పిల్లలు ఒక్కొక్కరే పాకుతూ బయటికొచ్చారు. ఆయన రాలేదు.

దుమ్ము దిగాక చూస్తే ఆఫీసరు బల్ల కింద ముడుచుకుని ఉన్నాడు. గీత కూడా పడలేదు. వాణ్ణి కాలర్ పట్టుకుని లాగారు.

"వీణ్ణి ఇక్కడే పాతెయ్యండి!"

"ఆగండి," అంది వదిన. మొహమంతా నెత్తురు, సున్నం. నేల మీద పడ్డ అట్ట తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. "నలభై ఒకటి దగ్గర ఆగారు సార్. కానివ్వండి."

"అమ్మా, ఇప్పుడు... మనిషి పోయాడు..."

"పోయింది దీనికోసమే. లెక్కపెట్టండి!"

ఆఫీసరు లెక్కపెట్టాడు. నెత్తురోడుతున్న పిల్లలు లేచి వరసలో నిలబడ్డారు. నిలబడలేనివాళ్ళని తల్లులు ఎత్తి చూపించారు. అరవై రెండు. అరవై మూడు.

"అరవై నాలుగు వెయ్యవయ్యా!" అని ఎవరో ఏడుస్తూ అరిచారు. "మామ మనవరాలిని కూడా వెయ్యి!"

మందు మామ తల అడ్డంగా ఊపాడు. "దొంగ లెక్క వాళ్ళది. మనకొద్దు. అరవై మూడే వెయ్యి. సంతకం చెయ్యి."

చేశాడు. కాలేజీ పిల్ల ఆ కాగితాన్ని కంపెనీ చేతికి చిక్కకుండా రవికెలో దాచుకుని, చెరువు గట్టు దాటి టౌను వైపు పరుగు లంకించుకుంది.

తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండొందల మంది పారలు, సమ్మెటలు, డ్రిల్లు కడ్డీలతో క్రషర్ మీదికి వెళ్ళారు. గేటు పడింది. ఆఫీసు గది అద్దాలు, బల్లలు, కొండ ఇటు పక్క గీసి పెట్టుకున్న మ్యాపులు అన్నీ బయటికొచ్చి మంటల్లో పడ్డాయి. మేనేజరు తొట్టి వెనక దొరికాడు. పంతులు వేళ్ళు నలిపిన చెయ్యి ఏదో వాడినే అడిగి, ఆ చేతినే సమ్మెట కర్రతో విరగ్గొట్టారు. ప్రాణం తియ్యలేదు. కాంట్రాక్టరు కారు బోల్తా పడి తగలబడింది. అతను గోడ దూకి పారిపోయాడు. పోలీసులు కాల్చారు. ఇద్దరు పడ్డారు. పెద్ద రోడ్డు మీద విషయం తెలిసిన లారీ డ్రైవర్లు ఎక్కడికక్కడ ఇంజన్లు కట్టేశారు. ఆ మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల కంకర బండి ఒక్కటి కదల్లేదు.

సాయంత్రానికి ముప్పై నాలుగు మందిని వ్యాన్లెక్కించారు. అందులో పంతొమ్మిది మంది ఆడవాళ్ళు.

*

మర్నాడు పొద్దున స్టేషన్లో ఆడవాళ్ళని గోడ వారగా నిలబెట్టారు. ఇన్‌స్పెక్టర్ బల్ల మీద టైపు చేసిన కాగితం, పక్కన వేలిముద్రల సిరా పెట్టె. కిటికీ అవతల, ప్రహరీ బయట, జనం గొంతులు వినబడుతున్నాయి. వాడ ఒక్కటే కాదు. ఆ ఏడాది అదే విధానం కింద బళ్ళు పోగొట్టుకున్న పదకొండు ఊళ్ళవాళ్ళు పొద్దుటి నుంచీ వస్తూనే ఉన్నారు.

"ఒక్కొక్కరే వచ్చి వేలు వెయ్యండి. వేసినవాళ్ళు ఇంటికి పోవచ్చు." ఇన్‌స్పెక్టర్ వదిన బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దబోయాడు.

"ఏం రాశారు సార్ అందులో?"

"ఏదో రాశాం. నీకెందుకు?"

"సంతకం చేస్తాను. చదివాక." కాగితం లాక్కుంది. ఐదో తరగతి దాకా ఆ బళ్ళోనే, ఆ పంతులి దగ్గరే చదివింది. కిటికీకి తిరిగి, కొండెక్కి అరిచే గొంతుతో మొదలుపెట్టింది. "'మా బడిలో పిల్లలెవరూ చదవడం లేదు!'"

బయట తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. తర్వాత ప్రహరీ అదిరింది. "అబద్ధం!"

"'పంతులు బడి బీరువాలో పేలుడు మందు దాచాడు!'"

"అబద్ధం!"

"లాక్కోండ్రా!" లాఠీ ఆమె మెడ మీద పడింది. రెండోది చెవి మీద. మోకాళ్ళ మీద కూలుతూ కూలుతూ కాగితాన్ని పక్కకి విసిరింది. డ్రిల్లు మేస్త్రి పెళ్ళాం అందుకుంది. ఆమెది మూడో తరగతే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"'అది... పే...లి... అతనే... చని...పోయాడు. క్వారీకి... సం...సంబంధం లేదు.'"

"అబద్ధం!"

లాఠీ ఆమె నోటి మీద పడింది. పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. కాగితం మూడో చేతిలోకి పోయింది. ఆ చెయ్యి విరిగింది. నాలుగో చేతిలోకి పోయింది. "'ఇదంతా మా ఇష్టపూర్వకంగా చెబుతున్నాం!'" ఈసారి బయట అరుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది. నెత్తురు కారుతున్న ఆడవాళ్ళు లోపల నవ్వారు.

ఇన్‌స్పెక్టర్ కాగితం గుంజుకుని ముక్కలు ముక్కలు చేశాడు.

"చింపు నాయనా, చింపు," అంది జల్లెడ అవ్వ, నెత్తి కట్టు సర్దుకుంటూ. "నాకు అక్షరం ముక్క రాదు. నాకే నోటికొచ్చేసింది." గొంతెత్తి మొదటి నుంచి అందుకుంది. మిగతా పద్దెనిమిది గొంతులూ ఆమెతో కలిశాయి.

"కిటికీ! కిటికీ మూసెయ్యండి!"

కానిస్టేబులు పరిగెత్తి తలుపులు మూశాడు, గడియ పెట్టాడు. లాభం లేకపోయింది. ప్రహరీ అవతల తలలకి, చేతులకి కట్లతో అరవై మూడు మంది పిల్లలు నాలుగు వరసల్లో నిలబడ్డారు. ముందు రెండు జడల పిల్ల ఆ కాగితంలోని ఒక్కో వాక్యం గట్టిగా చెబుతోంది. వెనక వరసలు, వాటి వెనక పదకొండు ఊళ్ళు ఒక్క గొంతుతో దానికి జవాబు చెబుతున్నాయి.